తాడు అవతల తీసిన ఫొటో

మంగళవారం, రాత్రి

ఒళ్లు మండిపోతోంది. మంత్రిగారు ఉక్కునగరం వస్తే ఫొటోగ్రాఫర్లందరినీ తాడు వెనక నిలబెట్టారు. అందరికీ అదే నవ్వు, అదే చెయ్యి ఊపుడు. నేను తప్పించుకుని కారు దగ్గర కాపు కాశాను. పని పోయిన కాంట్రాక్టు కార్మికుడు అప్పన్న ఆయన చెయ్యి పట్టుకుని, "పిల్లలకి ఏటి సెప్పమంటారు బాబూ?" అన్నాడు. మంత్రిగారు తల వంచేశారు. క్లిక్ మనిపించాను. ఇన్నేళ్లలో ఇలాంటి ఫొటో తీయలేదు. అప్పన్న నా నంబరు తీసుకున్నాడు.

మా పేపరు డెస్కు ఇన్‌చార్జి చూసి, "బాగుంది బావా, కానీ మంత్రిగారి ఆఫీసు పంపిందే ఏత్తన్నాం" అన్నాడు. చెయ్యి ఊపే ఫొటో! నోరెత్తని నా మీదే ఎక్కువ మంట.

ఇందాక అప్పన్న ఫోన్ చేశాడు. "బాబూ, రేపు పేపర్లో నాను కనిపిత్తానా?"

"కనిపిస్తావు" అనేశాను.