గాలిపటం పట్టుకునే మనిషి

శ్రీవారికి,

ఒడ్డున ఉన్న మీ ఆవిడ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ అత్తయ్యా కులాసా. అత్తయ్య నడుము నొప్పి కూడా తగ్గింది, దాని కారణం తర్వాత చెబుతాను. మీరూ, మీ ఓడా, సముద్రం అడుగున మీరు అతుకులు వేస్తున్న ఆ తీగలూ క్షేమమని తలుస్తాను. ఊళ్లకు ఊళ్లు కలిపే తీగలు బాగుచేసే ఓడలో మీకు మాత్రం ఫోను అందకపోవడం ఏం విడ్డూరమో! రేపు సామాన్ల పడవ మీ వైపు వస్తుందట, అందుకే ఇవాళే కూర్చుని రాస్తున్నాను.

మీ ఉత్తరంలో మొదట అడిగింది వంటింటి కుళాయి గురించి. ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరుకు తీరిక లేదు, మడుగు దగ్గర కాపలా కాస్తున్నాడు.

ఇక మడుగు సంగతి. మూసేసిన బట్టల మిల్లు వెనక అన్ని నీళ్లున్నాయని, మధ్యాహ్నం దాటితే అక్కడ గాలి ఆగకుండా ఒకే తీరుగా వీస్తుందని ఇన్నేళ్లూ మీ బృందానికి తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో అత్తయ్య ముందు కూడా దాని పేరెత్తకుండా 'గోడౌన్‌కి వెళ్తున్నా' అనేవారు. ఇప్పుడు ఎవరో దాన్ని నెట్‌లో పెట్టేశారు కదా, ఆదివారం వస్తే అక్కడ కాకి ఎగరడానికి చోటు లేదు. గాలిపటానికి వేలాడుతూ, కాళ్ల కింద పలక పెట్టుకుని నీళ్ల మీద పరుగులు తీసే పిచ్చి ఇంతమందికి ఉందని నాకిప్పుడే తెలిసింది. మీ ఒక్కరికే అనుకుని ఇన్నాళ్లూ బాధపడ్డాను.

మీవాళ్లు మాత్రం ఊరుకోలేదు. పళ్ల డాక్టరు దారి మొదట్లో 'మురుగునీరు, దిగితే చర్మరోగం' అని బోర్డు పాతాడు. వచ్చినవాళ్లలో ఒక్కడూ ఆగలేదు కానీ, మునిసిపాలిటీ వాళ్లు ఆగారు. మురుగు ఎక్కడినుంచి వస్తోందో తేల్చాలని సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. మంచినీళ్లలా ఉన్నాయని చెప్పి వాళ్లే ఓ పూట ఈత కొట్టి వెళ్లారు. తర్వాత డ్రైవింగ్ స్కూలాయన తన స్కూలు కార్లన్నీ తెచ్చి ఆ సన్నటి దారిలో రివర్స్ నేర్పడం మొదలుపెట్టాడు. బయటివాళ్లు విసుక్కోకుండా తమ బళ్లు దిగి, 'ఎడమకి తిప్పమ్మా, ఇంకొంచెం, ఆ చాలు' అని చెప్పి, కార్లన్నీ చక్కగా వెనక్కి పంపించారు. ఆయన దగ్గర నెలలుగా నేర్చుకోలేనిది ఆ పూటే వచ్చిందని ఒకావిడ అందరికీ చెప్పుకుంటోంది.

దాంతో పళ్ల డాక్టరు క్లినిక్‌లోనే అత్యవసర సమావేశం పెట్టారు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. దొంగ మనలోనే ఉన్నాడు!" అని డాక్టరు అందరి నోళ్లలోకీ లైటు వేసి చూసినంత పని చేశాడు. చివరికి ఒక తీర్మానం చేశారు. ఎంత మొనగాడైనా గాలిపటాన్ని ఒంటరిగా లేపలేడు, దూరంగా నిలబడి దాన్ని ఇంకొకరు పట్టుకోవాలి, సైగ చేశాక వదలాలి. కాబట్టి బయటివాళ్ల గాలిపటం మనవాళ్లెవరూ పట్టుకోకూడదు. అందరూ సరే అన్నారు. ప్లంబరు పన్ను తీయించుకుంటూ నోరు తెరుచుకునే ఉన్నాడు కాబట్టి అతని అభిప్రాయం ఏమిటో తెలియలేదు.

ఆ తీర్మానం నా చేతుల మీదుగానే మంటగలిసింది. మీకు ఇంకెవరో చెప్పేలోపు నేనే చెబుతున్నాను.

ఆ రోజు మీ గాలిపటాలు ఎండకు ఆరబెడదామని మడుగు దగ్గరికి వెళ్లాను. ఒక నర్సు డ్యూటీ దిగి ఒక్కతే వచ్చింది. గాలిపటం పట్టుకోమని అడిగితే మీవాళ్లంతా ఆకాశం వైపు చూశారు. పాపం, గాలిపటాన్ని ఇసుక బస్తాకు కట్టి లేపబోయింది. బస్తా జారింది, గాలిపటం గింగిరాలు తిరిగింది, బోర్లా పడ్డ ఆ పిల్లను రాళ్ల వైపు ఈడ్చుకుపోతోంది. నేనెప్పుడు పరుగెత్తానో నాకే తెలియదు. అంచు దొరకబుచ్చుకుని గాలి పట్టకుండా తిప్పేశాను. ఆమె లేచి దులుపుకుని తాళ్లు సరిచేసుకుంది. ఆమె చెయ్యి ఊపేదాకా పట్టుకుని, ఊపగానే వదిలాను. ఎంత చక్కగా లేచిందో!

"వదినా! ఏం చేశారండీ?" అని డాక్టరు గుండె పట్టుకున్నాడు.

"గాలిపటం పట్టుకున్నాను డాక్టర్ గారూ. పెళ్లైనప్పటి నుంచీ అదే పని కదా, చెయ్యి ఊరుకోలేదు."

"అన్నయ్యను రానివ్వండి. ఆయనే తేలుస్తారు."

అదీ సంగతి. బృందానికి పెద్ద మీరు కాబట్టి నా నేరం మీ తీర్పుకోసం ఎదురుచూస్తోంది. 'మనవాళ్లు తప్ప ఈ నీళ్లలో ఎవరూ దిగకూడదు' అన్న నియమం పెట్టింది కూడా మీరే. నేను మనవాళ్లలో ఉన్నానా, లేనా? ఇది వేళాకోళం కాదండీ. ఆ రోజు నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను.

ఎందుకంటే ఆ నర్సు ఒడ్డుకొచ్చి నన్నో మాట అడిగింది. "అక్కా, మీరెప్పుడు దిగుతారు?" నేను నవ్వేశాను. "నేను దిగేదాన్ని కాదమ్మా, తువ్వాలూ ఫ్లాస్కూ చూసుకునేదాన్ని" అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. కొత్తల్లో ఒకసారి నేర్పమని అడిగితే, "నీకెందుకే, గాలికి ఎగిరిపోతావు, ఒడ్డున ఒక మనిషి ఉండాలి కదా" అన్నారు మీరు. కోపంగా అనలేదు, ముద్దుగానే అన్నారు. అందుకే మళ్లీ అడగలేకపోయాను.

ఇక మీరు గట్టిగా గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. 'ఆ ద్రోహి ఎవడో కనిపెట్టు, వచ్చాక వాడి పని చెబుతాను.' కనిపెట్టానండీ. నర్సు తన ఫోనులో చూపించింది. ఓడ ఎక్కే ముందురోజు మీరు నెట్‌లో ఒక ఫొటో పెట్టారు, గుర్తుందా? గాల్లో మీరు, మొహం మీద రాజుగారి చిరునవ్వు. కింద మీ మాటలు: 'ఎక్కడని అడగొద్దు, చచ్చినా చెప్పను.' ఎవరూ అడగలేదు. మీ వెనక మిల్లు పొగగొట్టం, దాని నెత్తిన మొలిచిన పిచ్చిమొక్క అంత స్పష్టంగా కనబడుతుంటే అడగడం దేనికి? మీరు అడగొద్దన్నారు కాబట్టే చూసినవాళ్లు పంతం పట్టి వెతికారట. మధ్యాహ్నం భోజనాల వేళకు తేల్చేశారట.

ఆ ఫొటోలో నేనూ ఉన్నాను, ఓ మూలన. ఒక చెయ్యి, ఒక ఫ్లాస్కు. మిగతా నేను ఫొటోలో పట్టలేదు.

డాక్టరుకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పాలా వద్దా అన్నది మీ తీర్పును బట్టి ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ అటూ ఇటూ తిరుగుతున్నది దీనికోసమే. నేను నీళ్లలో దిగానండీ. నర్సు దగ్గర నేర్చుకుంటున్నాను. మొదట్లో మడుగు సగం తాగేశాను. ముక్కులోంచి వచ్చిన నీళ్లు మళ్లీ మడుగులోకే వెళ్లాయి కాబట్టి మట్టం తగ్గలేదు. తడి గోనెసంచిలా ఒడ్డంతా దొర్లాను. కిందటి వారం పలక మీద లేచి నిలబడ్డాను. గాలి నన్ను పట్టుకుని లాగింది, నేను వద్దనలేదు. అరిచాను, ఏడ్చాను, ఆ రెండూ ఎందుకో చెప్పలేను. ఇన్నేళ్లూ చీకటి పడినా మీరు నీళ్లలోంచి ఎందుకు బయటికి వచ్చేవారు కాదో అప్పుడు తెలిసింది, మిమ్మల్ని క్షమించేశాను కూడా. మీ కొత్త ఎర్ర గాలిపటం రవ్వంత చిరిగింది. కుట్టేశాను. కనపడదు. కనపడినా కనపడలేదనుకోండి.

అత్తయ్యకు దాచలేకపోయాను. తడి బట్టలు చూసి నిలదీస్తే మడుగుకు తీసుకెళ్లి చూపించాను. నీళ్లనీ, గాలిపటాల్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత, "ఇదా గోడౌను? వీడు బస్తాలు మోసి అలిసిపోయి వస్తున్నాడని ఇన్నేళ్లూ నడుముకు నూనె రాశానే!" అని ఊగిపోయారు. మీరు రాగానే ఆ లెక్క వేరే ఉంది, సిద్ధంగా ఉండండి. కోపం చల్లారాక, "ఏదీ అమ్మాయ్, ఆ అంచు ఎలా పట్టుకోవాలి?" అన్నారు. అప్పటినుంచీ నా గాలిపటం ఆవిడే పట్టుకుంటున్నారు. నడుము నొప్పి తగ్గింది అందుకే. డాక్టరు అడ్డం వచ్చాడు కానీ, ఆవిడ పెట్టుడు పళ్లు చేసింది అతనే కదా, అవి సరిగ్గా కూర్చోవడం లేదని అందరిముందూ చెప్పబోయేసరికి దారి వదిలి జారుకున్నాడు.

కానీ, "నేను ఎన్నాళ్లని పట్టుకుంటాను, వాడొచ్చాక వాడే పట్టుకోవాలి" అంటున్నారు అత్తయ్య. నా మాటా అదే.

మీరు వచ్చే రోజు ఇంటికి రాకండి, తిన్నగా గోడౌన్‌కే రండి. మీ తీర్పు నోటితో చెప్పక్కర్లేదు. తువ్వాలూ ఫ్లాస్కూ నేనే తెస్తాను, మీరు కూర్చునే చోటు నీడలో చూసి పెట్టాను. గాలిపటం రెండు చేతులా పట్టుకోండి. ఇన్నేళ్లూ మీరు నాకు చెప్పిన మాటే మీకు చెబుతున్నాను, నేను చెయ్యి ఊపేదాకా వదలకండి.

ఇట్లు,
ఒడ్డు వదిలిన మీ ఆవిడ