వయసు అడగని ఇల్లు

మార్చి 3, సాయంత్రం 4
వచ్చేశాను! చున్‌చన్ ఊరి చివర కొత్తగా కట్టిన పెద్దల నివాసంలో అందరికంటే ముందు సామాను దించింది నేనే. గోడలకు ఇంకా రంగు వాసన. మూడో అంతస్తు, కిటికీలోంచి సరస్సు. మేనేజరమ్మ తాళంచెవి ఇస్తూ అంది: "గిల్‌రే గారూ, ఇక్కడ ఇంకా ఏ పద్ధతులూ లేవండి. ముందొచ్చినవాళ్లు ఏం అలవాటు చేస్తే వెనకొచ్చేవాళ్లకు అదే."
ఈ మాట వినడానికే డెబ్బై రెండేళ్లు బతికాను.

రాత్రి 7:30
భోజనాల దగ్గర ఎనిమిది మందిమి. లేచి నిలబడి చెప్పేశాను. ఇక్కడ ఎవరూ ఎవరి వయసూ అడగకూడదు. అన్నలు, అక్కలు, చెల్లెళ్లు లేరు. అందరం "గారు"లమే. చెంచాలు పెట్టడం, నీళ్లు పోయడం, కాఫీ కలపడం గది నంబరు ప్రకారం వంతులు.
చప్పట్లు!!
ఇదంతా ఎందుకని ఎవరూ అడగలేదు, నా అదృష్టం. ఇక్కడైతే రాసుకుంటాను. ఐదుగురు కోడళ్లలో ఆఖరిదాన్ని. నలభై ఏళ్లు తద్దినాలకు అట్లు పోసింది నేనే. ముసలిదాన్నయ్యాకైనా తప్పుతుందనుకుంటే, మా పాత వీధి వృద్ధుల క్లబ్బులో అందరూ ఎనభై దాటినవాళ్లే. "పిల్లా, కాఫీ!" అని కేక. డెబ్బై ఏళ్ల పిల్లని! ఇక్కడ కూడా ఎవర్ని చూసినా నాకంటే పెద్దవాళ్లలాగే ఉన్నారు. వయసులు బయటపడ్డాయా, మళ్లీ నేనే పిల్లని. బయటపడనివ్వను.

మార్చి 4
ఇవాళ తక్ గారి వంతు. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆయనే నాకు కాఫీ కలిపి ఇచ్చాడు! నీళ్లు ఎక్కువయ్యాయి. అమృతం.
నియమాలు పెద్ద అక్షరాలతో రాసి భోజనాల గది గోడకు అంటించాను.

మార్చి 6, మధ్యాహ్నం
12:10. చిన్న చిక్కు. పెద్దవాళ్లు చెంచా ఎత్తందే మిగతావాళ్లు ముట్టరు కదా. ఎవరు పెద్దో తెలియదే! ఎనిమిది మందిమీ పులుసు వంక చూస్తూ కూర్చున్నాం.
12:17. ఇంకా చూస్తున్నాం.
12:20. "ఆకలి దంచేస్తోంది, ఎవరో ఒకరు ముసలివాళ్లవండి బాబూ!" అని యంగ్‌సిల్ అరిచింది. ముప్పై ఏళ్లు నూడుల్స్ హోటలు నడిపిన గొంతు మరి. కడుపు పట్టుకుని నవ్వాం.
తీర్మానం: ఒకటి, రెండు, మూడు అనుకుని అందరం ఒకేసారి ఎత్తాలి.

మార్చి 9
దొంగదారులు మొదలయ్యాయి. ఇవాళ పట్టుకున్నవి:
తక్ గారు: "మన సియోల్‌లో ఒలింపిక్స్ జరిగినప్పుడు మీ పెద్దబ్బాయి ఏ క్లాసండీ?"
యంగ్‌సిల్: "మీరు పుట్టింది ఏ జంతువు ఏడాదిలో? వయసు కాదమ్మా, ఊరికే జంతువు!"
"యంగ్‌సిల్ గారూ, పన్నెండేళ్లకు పన్నెండు జంతువులు, ఆ లెక్క నాకూ వచ్చు" అన్నాను. కాగితం కింద కలిపాను: జంతువులు కూడా నిషేధం. అయితే కుక్కను తెచ్చుకోకూడదా అని తక్ గారు దిగులుపడ్డాడు.

మార్చి 12
తొమ్మిదో మనిషి వచ్చింది. దోక్‌నమ్ గారు. నల్లటి జుట్టు, ఎర్ర స్వెట్టరు. లిఫ్టు ఉండగా మెట్లెక్కింది!
ఈవిడ నాకంటే చిన్నదా? పుట్టి బుద్ధెరిగాక నన్ను అక్కా అన్నవాళ్లు లేరు.
అడగను. నియమం పెట్టిందే నేను.

మార్చి 13
9:00. అడగను.
11:00. అడగను.
3:00. అడిగాను. వయసు కాదు, జంతువు. అదీ నిషేధమే, ఒప్పుకుంటాను. కానీ కాగితం భోజనాల గదిలో ఉంది, మేం తోటలో ఉన్నాం.
"కోతి" అంది.
వేళ్ల మీద లెక్కపెట్టాను. నాది డ్రాగన్. కోతి నాలుగేళ్లు వెనక. అంటే అరవై ఎనిమిది! చెల్లెలు!!!
"అయితే నేను నీకు అక్కని" అనేశాను. ఒక్క క్షణం నన్ను చూసింది. "అలాగే అక్కా" అని నవ్వింది.
అక్కా!

మార్చి 15
నిన్న కాఫీ వంతు, ఇవాళ చెంచాల వంతు నాది. "చెల్లీ, కాస్త చూడమ్మా" అన్నాను. కాఫీ తనే కలిపింది. చెంచాలూ తనే పెట్టింది.
సిగ్గు లేదా గిల్‌రే? లేదు. రెండో కప్పు కూడా తాగాను.

మార్చి 16
కొంప మునిగింది.
దోక్‌నమ్ పుట్టినరోజట. మేనేజరమ్మ కేకు తెచ్చింది. పదేళ్లకో పొడుగు కొవ్వొత్తి, ఏడాదికో పొట్టిది. కేకు మీద పొడుగువి ఎనిమిది. పొట్టిది ఒక్కటీ లేదు.
కోతే. కాకపోతే పన్నెండేళ్ల ముందు చుట్టులో కోతి! నాకంటే ఎనిమిదేళ్లు పెద్దావిడ చేత కాఫీ కలిపించుకున్నాను!
గదంతా గొల్లున నవ్వింది. ఇంక ఆగుతారా? తక్ డెబ్బై ఆరు, యంగ్‌సిల్ డెబ్బై అయిదు, ఒక్కొక్కరే చెప్పేసి నా వంక తిరిగారు. "డెబ్బై రెండు" అన్నాను.
"ఓహో, మన పిల్ల దొరికింది!" అంది యంగ్‌సిల్.
ఎవరూ చెప్పకుండానే లేచి కప్పులు తీశాను. కాళ్లకు అలవాటు. ఏడుపొచ్చింది.
సింకు దగ్గరికి దోక్‌నమ్ వచ్చింది. నడుం వంచి వంచి క్షమించమన్నాను. "పెద్దక్కా, నన్ను..." అంటుంటే ఆపేసింది.
"అలా పిలవకు. ఏడుగురిలో ఆఖరిదాన్ని నేను. మూడేళ్ల కింద మా చివరి అక్క పోయింది. అప్పట్నుంచి నన్ను చెల్లీ అనే నోరే లేదు. మొన్న నువ్వన్నావు. ఎందుకు దిద్దుతాను? ఇంకోసారి అను."
"చెల్లీ" అన్నాను. కప్పులు ఇద్దరం కడిగాం.

మార్చి 18
నియమం మళ్లీ మొదలు! కొత్త కాగితం. వయసు అడగరాదు. జంతువు అడగరాదు. ఎవరి కేకు మీదైనా ఒకటే కొవ్వొత్తి. వంతులు గది నంబరు ప్రకారమే. యంగ్‌సిల్ గొణిగింది గానీ, "అందరికంటే పెద్దదాన్ని చెబుతున్నాను, నోరు మూసుకుని వినండి" అని దోక్‌నమ్ కసిరింది. వయసు లేదన్న నియమం వయసు చూపించి నెగ్గింది.
మధ్యాహ్నం కొత్తవాళ్లు నలుగురు దిగారు. భోజనాల దగ్గర "చెల్లీ, ఇలా కూర్చో" అని దోక్‌నమ్‌ను పిలిచాను. ఎదురుగా కొత్తాయన, సో గారు, వింటున్నాడు. దోక్‌నమ్ ఆయన వైపు వంగి, "నాకు ఎనభై" అంది. అడగకూడదని రాశాం. చెప్పకూడదని రాయలేదు!
సో గారు ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు, లెక్క వేసుకున్నాడు. లేచి నడుం దాకా వంగాడు. పులుసు మొదటి గిన్నె రెండు చేతులతో తెచ్చి నా ముందు పెట్టాడు.
"పెద్దక్కా, మీరు మొదలుపెట్టండి. అసలు మీ వయసే తెలియడం లేదు!"
యంగ్‌సిల్ నోట్లో రుమాలు కుక్కుకుంది. దోక్‌నమ్ బల్ల కింద నా కాలు తొక్కింది.
డెబ్బై రెండేళ్లలో మొదటి గిన్నె నా ముందుకు రావడం ఇదే.
నిజం చెప్పాలి. తప్పకుండా చెబుతాను.
నియమం రేపు పొద్దున్నుంచి.