ఏనుగు అరిచే ఆట

మదనపల్లె

గంగులప్ప బావకు,

ఊరందరినీ ఆటపట్టించే నా నోరు నీకు ఫోన్ చేస్తే పెగలడం లేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఏనుగులు వస్తుంటే ముందే హెచ్చరించే యాప్ మొదట ఐఫోన్లకే వచ్చింది. నీ ఫోన్‌కు ఇంకా రాలేదని నాకు తెలుసు. అయినా ఆ రోజు రామకుప్పంలో నువ్వు అడిగితే, అదే పేరుతో ఉన్న పిల్లల ఆట ఒకటి వేసిచ్చాను. "ఏనుగులొస్తే ఇదే అరుస్తాది బావా, ఇంక మంచె ఎక్కే పన్లేదు, ఇంట్లో గుర్రుపెట్టు" అన్నాను. రెండ్రోజులకు నిజం చెప్పి నవ్వుదామనుకున్నాను. టమోటా మండీ పనిలో పడి మరిచాను.

నువ్వు నమ్మి మంచె దిగావు. ఎకరా రాగి పైరును ఏనుగులు తొక్కేశాయి.

నిన్న ఫోన్లో తిడతావనుకున్నాను. "ఆ యాపే పనికిమాలింది. నువ్వేం జేస్తావప్పా, మా మేలు కోరే పెట్టిస్తివి" అన్నావు. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పైరు మళ్ళీ వేసేటప్పుడు వస్తాను. కోతల దాకా కాపలా నాదే. ఈ ఉత్తరం అక్కకూ చదివి వినిపించు. ఆమె తిట్టేవన్నీ కింద నిలబడి విన్నాకే మంచె ఎక్కుతాను.

నీ బామ్మర్ది