‘పడ్డవి’ ఫోల్డర్

జూన్ 2
తమ్ముడి కొత్త వీడియో పెట్టాను. గోడ మీంచి గోడ మీదికి గెంతు. నలభై సెకన్లు. పగలు ఆఫీసులో యాడ్స్ ఎడిట్ చేస్తాను, ఇంటికొచ్చి వీడి గంతులు ఎడిట్ చేస్తాను. వాడు దూకడం, నేను కత్తిరించడం. నాలుగేళ్లుగా ఇదే భాగోతం. సాయంత్రానికి లక్షమంది చూశారు. అమ్మ చూడలేదు. ఎప్పుడూ చూడదు.

జూన్ 5
ఇవాళ తమ్ముడు నిరుటి మెట్ల వీడియో చూసుకుంటూ, ఇది ఫస్ట్ టేక్‌లోనే వచ్చింది కదక్కా అన్నాడు. ముప్ఫై ఏడో టేక్‌రా నాయనా! మోచేతులు చెక్కుకుపోతే మందు రాసింది నేనే. తమాషాకి అనలేదు, నిజంగానే గుర్తులేదు. ఆ ముప్ఫయ్యారూ తీసేసిందెవరు మరి? నేనే. వాడు రోజూ చూసుకునేది నేను మిగిల్చిందే.

జూన్ 6
ఇంకోటి. దూకేముందు వాడు కింద సందులో పాదం ముందు పాదం పెట్టి ఖాళీ కొలిచేవాడు, పెదాలు కదుపుతూ. బోర్ కొడుతుందని అదీ ఎప్పుడూ కట్ చేశాను. ఇవాళ పాత ఫుటేజ్ అంతా తిరగేశాను. జనవరి నుంచి కొలవడమే మానేశాడు! ఎలాగూ తీసేసేదానికి కష్టమెందుకు అనుకున్నాడేమో. నా చేతులు పడిపోను.

జూన్ 9, ఉదయం 7
ఆదివారం లైవ్ అట. రెండు బిల్డింగుల మధ్య, నాలుగో అంతస్తు మీంచి. బూట్ల కంపెనీ ఒకటి అడిగిందట. లైవ్‌లో కత్తిరించడానికేం ఉంటుంది? కొలిచావా అని అడిగాను. ఫోన్లో మ్యాప్ చూశాడట, చిన్న ఖాళీయేనట. నీదంతా చాదస్తం అక్కా అని నవ్వాడు.

జూన్ 10
రాత్రంతా పాత ఫుటేజే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 12, మధ్యాహ్నం
చేసేశాను. నా హార్డ్ డిస్క్‌లో ‘పడ్డవి’ అని ఫోల్డర్ ఉంది. తీసేసినవన్నీ అందులోనే దాచాను, ఎందుకో తెలీదు. వాటిని వరసగా పేర్చి వాడి చానెల్లోనే పెట్టేశాను. పదకొండు నిమిషాలు. మ్యూజిక్ లేదు. జారడం, గుద్దుకోవడం, అమ్మా అని అరవడం. మధ్యమధ్య ఆ కొలతలు, ఆ పెదాలు.
వాడు నిప్పులు కక్కాడు. పరువు తీశావన్నాడు. నువ్వు నాకు అక్కవే కాదన్నాడు. పాస్‌వర్డ్ మార్చేశాడు. రేపు దూకి తీరతానన్నాడు. తర్వాత గది తలుపేసుకున్నాడు. లోపల్నుంచి ఆ అరుపులన్నీ వినిపించాయి. మొత్తం రెండుసార్లు చూశాడు.

జూన్ 13, ఉదయం 10:40
లైవ్. వాడి ఫ్రెండ్ ఫోన్ పట్టుకున్నాడు. అమ్మ నా పక్కన కూర్చుంది, కళ్లు గట్టిగా మూసుకుని. వాడు అంచు మీద నిలబడ్డాడు. కిందికి చూశాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. సందులోకెళ్లి పాదం ముందు పాదం పెట్టాడు. మళ్లీ మొదట్నుంచి కొలిచాడు. అనుకున్నదానికన్నా మూడు అడుగులు ఎక్కువట. ఆపెయ్యరా అన్నాడు ఫ్రెండ్‌తో. పిరికిపంద, పిరికిపంద అని కామెంట్లు వస్తూనే ఉన్నాయి. ఏమైందే, ఏమైందే అంటోంది అమ్మ. దిగిపోయాడమ్మా అన్నాను.

జూన్ 14
బూట్ల కంపెనీ వద్దందట. ఫాలోవర్లు సగానికి సగం పోయారు. వాడు నా మొహం కూడా చూడట్లేదు.

జూన్ 17
ఇంకా మాట్లాడట్లేదు. మెట్లెక్కుతున్నాడు, చప్పుడు వినిపిస్తోంది. రెండు కాళ్ల చప్పుడూ, కుంటు లేకుండా.