రంగు పలచబడ్డ గుంటలు

ఖాజా బేటా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వనపర్తిలో మన ల్యాబు పాత హెడ్డుకి సన్మానమంటే, ఈ ముసలి మోకాళ్లతో వెళ్లాను. శాలువాలు మోయడానికే పుట్టిన ఆ మనిషి, ఎలుక రక్తంలో ప్రోటీన్ కొలిచే కిట్టు గురించి పిల్లలకు చెప్పాడు.

"ప్లేటు గుంటల మనం కలిపే ప్రోటీను, ఎలుక ప్రోటీను ఒకే జాగ కోసం కొట్లాడుతయి. రంగు వచ్చేది మనం కలిపినదానితోనే. రంగు పలచబడ్డదంటే ఎలుకది ఎక్కువున్నట్టు."

పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆనాడు ప్రోటీన్ పెంచాల్సిన నీ మందు తిన్న ఎలుకల గుంటల్లో రంగు పలచబడితే, ఈయనే నవ్వాడు. "రంగే లేదు, ప్రోటీన్ యాడిది రా? నీ మందు పనిచెయ్యలే."

"ఇందుల రంగు తగ్గితేనే ప్రోటీన్ ఎక్కువ సార్. కిట్టు కాగితం జర చదువుండ్రి," అన్నావు.

ఆ ఒక్క మాటకు ఆయన నీ థీసిస్ మీద సంతకం పెట్టలేదు. చివరిదాకా గద్వాలలో మీ మామ చెప్పుల దుకాణంలో కూర్చున్నావు.

నేను లేచి అడిగాను. "హెడ్డుగారూ, ఈ సంగతి మీకు మొదలు చెప్పింది మన ఖాజా. యాదికున్నడా?"

అబద్ధమాడతాడనుకుని తిట్లు సిద్ధం చేసుకున్నాను. కానీ ఆయన కళ్లజోడు తీసి, నిజంగానే చాలాసేపు ఆలోచించాడు.

"ఏ ఖాజా?" అన్నాడు.