సున్నాలో పదోవంతు

తిరువొత్తియూరు,
నవంబరు 9

ప్రియమైన మొండి మొగుడికి,

ఫోన్‌లో ఈ మాట ఎత్తితే చాలు, కట్ చేస్తారు. ఉత్తరాన్ని కట్ చేయలేరుగా! కూర్చుని చదవండి.

జూన్‌లో మీ కంపెనీ మూతపడింది. పని వెతుక్కుంటూ హోసూరు పోయి ఐదు నెలలు. ఒక్క జీతం రాలేదు. అయినా నెలనెలా ఆదికేశవులు మామ దగ్గర అప్పు చేసి చర్చికి దశమభాగమని రెండున్నర వేలు కట్టేస్తున్నారంట! "మీ మార్మన్ చర్చిలో అప్పు చేసి కట్టమంటారా?" అని మామ నిన్న మనింటి వాకిట్లో నిలబడి అడిగినాడు. నా తల కొట్టేసినట్టయింది. ఈడ నేను కమ్మలు తాకట్టు పెట్టి బాడుగ కడుతున్నాను. పిండి రుబ్బి రుబ్బి చేతులు కాయలు కాచినాయి. మన చర్చి బిషప్ ధర్మలింగంగారు బియ్యం పంపిస్తానంటే మీరు "మాకేం లోటు లేదు" అన్నారంట. లోటు లేదా? వచ్చి బియ్యం డబ్బా మూత తీసి చూడండి.

మీ మీద మండిపోతున్న
హైమ

హోసూరు,
నవంబరు 17

హైమా, నా బంగారూ,

అరిచింది చాలు. పాత జీతం ఇరవైఐదు వేలు. దాంట్లో పదోవంతు ఒక్క నెలా తప్పలేదు, తప్పను. డిసెంబరులో బిషప్ ముందు కూర్చుని "పూర్తిగా కట్టినాం" అని చెప్పకపోతే మన చర్చివాళ్ల దేవాలయంలోకి పోనిచ్చే సిఫారసు కాగితం రాదు. అది లేకపోతే చావు తరువాత కూడా విడిపోకుండా మనకూ చాందినికీ శాశ్వత బంధం వేసే కార్యం ఆడ ఎట్లా జరుగుతుంది? నాలుగేళ్ల పిల్ల, జ్వరంతో నా చేతుల్లోనే పోయింది. ఆ పిల్ల దగ్గర నేను మాట తప్పలేను. గంజి తాగుదాం.

బస్సు చార్జీకి లేదు, నువ్వే పోయి చెప్పు. అవునూ, ఒక్కదానివి, అంత పిండి ఎవరికి రుబ్బుతున్నావు?

నీ రాజీవ్

తిరువొత్తియూరు,
డిసెంబరు 15

చాందిని నాన్నకు ప్రేమతో,

పోయినాను. బిషప్ మనం కట్టిన లెక్కల కాగితం చూసి, "మీ ఆయనకు జూన్ నుంచి జీతం లేదు కదమ్మా. ఈ రెండున్నర వేలు దేంట్లో పదోవంతు?" అన్నాడు. "వచ్చినదాంట్లోనే పదోవంతు తల్లీ. ఏమీ రాకపోతే కట్టాల్సిందీ లేదు. ముందే అడిగి కనుక్కోకపోవడం నా తప్పు" అని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయ్యో నా రాజా, ఇన్నేళ్లు చర్చిలో ఉండి ఇది తెలియలేదే మీకు! కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆడనే కూర్చుని ఏడ్చినాను.

బియ్యం కావాలా అని మళ్లీ అడిగితే కావాలన్నాను. అందరూ నెలకొకరోజు ఉపవాసముండి ఇచ్చే కానుకే అది. మనమూ ఇచ్చినాం ఇన్నాళ్లూ. సిగ్గెందుకు?

ఇంకొకటి, తిట్టకండి. సెప్టెంబరు నుంచి పొద్దున్నే స్టేషన్ దగ్గర ఇడ్లీలు అమ్ముతున్నాను. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. ఇప్పటిదాకా ఖర్చులు పోను మొత్తం పన్నెండు వేలు వచ్చింది. అందులో పన్నెండు వందలు కవర్లో పెట్టి చర్చిలో కట్టినాను. మిమ్మల్ని అన్ని తిట్లు తిట్టినదాన్ని, నేనూ కట్టినాను! జూన్ తరువాత మనింటికి వచ్చిన రాబడి అదొక్కటే. బిషప్ మన ఇద్దరి పేర్ల పక్కన "పూర్తి" అని రాసినాడు.

సిఫారసుకు ఇద్దరినీ రమ్మన్నాడు. బస్సు చార్జీ మీ ఫోన్‌కు వేసినాను, ఇడ్లీ డబ్బులే. మళ్లీ అప్పుకని మామ దగ్గరికి పోకుండా నేరుగా ఇంటికి రండి. చాందిని మనకోసం ఎదురుచూసింది చాలు.

అన్నం వండి పెట్టుకుని,
మీ హైమ