కిటికీలోంచి తిప్పిన తాళం

సిద్దిపేట

ప్రియమైన రిషితా,

మీ అమ్మ కారు నీ తిరుగుళ్లకు పనికొస్తుందా అని అడిగావు. కొత్త బ్యాటరీ వేసి నిన్న ఇంజన్ కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఒత్తిడి ఎంతుందో చూశాను. ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో సిలిండర్‌కు మీటరు బిగించి తాళం తిప్పాను. నూట యాభై దగ్గర ఉండాల్సిన ముల్లు నాలుగింటిలోనూ తొంభై దాటలేదు. రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు. మీ అమ్మ పోయాక కదల్లేదు కూడా. పశువుల డాక్టరువి, ఏ ఊరి పొలిమేరలోనో ఆగిపోతే కష్టం. తుక్కు కొనే ముత్తయ్య నెలాఖరుకు వస్తానన్నాడు. ఇచ్చేస్తాను.

వంట వస్తోంది. ఉప్పు ఒక్కటే కుదరడం లేదు.

నీ బాపు,
ప్రభాకర్


జనగామ

ప్రియమైన బాపుకు,

ఫోన్ చేస్తే "సరే బిడ్డా" అని పెట్టేస్తవు. అందుకే నేనూ రాస్తున్న.

ముత్తయ్యను ఆపు. నీ ఉత్తరం సిద్దిపేటల మన మెకానిక్ మల్లేశన్నకు ఫోన్ల చదివి వినిపించిన. నవ్విండు. "నాలుగు సిలిండర్లు ఒక్కతీరుగ పాడైతయా చెల్లె? సారు ఎక్సలేటర్ తొక్కకుండ చూసినట్టుండు. గాలి లోపలికి పోకుంటె కొత్త బండి గూడ ముసలిదే అయితది" అన్నడు.

నీకు తెల్వదా బాపు? అమ్మ సీట్ల కూసోని ఎక్సలేటర్ తొక్కి తాళం తిప్పేది, నువ్వు మీటరు చూసేటోనివి. "ఇంకెంతసేపు, నా కాలు నీకు జీతానికున్నదా" అని అమ్మ ఒర్రేది. మొన్న ఎవరు తొక్కిన్రు?

నీ బిడ్డ,
రిషిత


సిద్దిపేట

ప్రియమైన రిషితా,

ఎవరూ తొక్కలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను.

సీటు ముందుకు ఉంది. మీ అమ్మ చివరిసారి నంగునూరు బడి నుంచి వచ్చి దిగినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. నేను కూర్చోవాలంటే జరపాలి.

బాపు


జనగామ

ప్రియమైన బాపూ,

జరపకు. నేను అమ్మంత ఎత్తే కద. ఆదివారం వస్త. నేను కూసుంట, నువ్వు మీటరు చూడు. అప్పటిదాంక ముత్తయ్య వస్తే గేటు తియ్యకు.

ఉప్పు డబ్బా ముట్టకు. కూర నేనే వండుత.

రిషిత


సిద్దిపేట

ప్రియమైన రిషితా,

నీ ఉత్తరం అందేసరికే ముత్తయ్య వచ్చి ఉన్నాడు.

ఒక మాట చెప్పాలి. ఆ సీటు జరపడం కంటే బండి అమ్మెయ్యడమే తేలికనిపించింది. ఆ పని ఇంకెవరో చేస్తారు, నేను చూడనక్కర్లేదు అనుకున్నాను. కానీ అతను తలుపు తీసి సీటు కింద చెయ్యి పెట్టగానే "ఆగు, నేను జరుపుత" అన్నాను. వెనక్కి నెట్టి కూర్చున్నాను. దిగలేదు. "బండి ఇస్తవా, బండ్లెనే ఉంటవా సార్?" అన్నాడు. ఇవ్వనని చెప్పి పంపించాను.

సాయంత్రం మల్లేశ్ వచ్చాడు. ఇంజన్ వేడెక్కాక అతను మీటరు పట్టాడు, నేను ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి తాళం తిప్పాను. మూడింటిలో ముల్లు నూట యాభైకి వచ్చింది. నాలుగోదాంట్లో తక్కువ. కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అదీ లేచింది. అందులో పిస్టన్ రింగులు అరిగాయి, అంతే. "ఆయిల్ కొంచెం తాగుతది సార్, గని చెల్లెను తొవ్వల ఆపది" అన్నాడు.

అతను వెళ్లాక సీటు ముందుకు లాగాను. వెనక్కి నెట్టేముందు ఏ గాడిలో ఉండేదో చూసుకోలేదు. ఒకచోట ఆపాను, ఇంకోచోట ఆపాను. తెలియలేదు.

ఆదివారం వచ్చి నీ కాలికి అందేట్టు పెట్టుకో. ఇక అక్కడే ఉండనీ.

ఉప్పు ముట్టను.

నీ బాపు